అమ్మ ఫోన్‌లో డేటా ఎటు పోయింది?

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, గుమ్మంలో బ్యాగు దించకముందే అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఏంటో తల్లీ, ఇది పొద్దున్నే ముసలిదైపోతోంది. తొమ్మిదింటికల్లా ఆయాసపడుతోంది. ఏదైనా పురుగు పట్టిందేమో చూడు" అంది.

మాది తెనాలి దగ్గర పల్లె. ఊరి చివర టవర్ ఉంది, సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. ఫోన్ కొని రెండేళ్లు కూడా కాలేదు. అయినా కొన్ని నెలలుగా సాయంత్రం ఎప్పుడు వీడియో కాల్ చేసినా అమ్మ ముఖం ఒకచోట ఆగిపోయేది, మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. నేనే కాల్ కట్ చేస్తున్నానని ఆమె అనుకునేదట. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

అమ్మ ఫోన్‌కి రీఛార్జ్ చేసేది బెంగళూరులో ఉండే అన్నయ్య. రోజుకి 1.5 జీబీ వచ్చే ప్లాన్. అది చాలడం లేదని మధ్యమధ్యలో 19 రూపాయల ప్యాక్ వేసేవాడు. అదీ ఒక పూటకే అయిపోయేది. ఒకరోజు విసుగొచ్చి, "రోజంతా వీడియోలు చూస్తూ కూర్చుంటే ఎంత వేసినా చాలదమ్మా" అన్నాడట. అమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత మూడు రోజులు ఫోన్ ముట్టుకోలేదు. ఇది నాన్న నాకు వంటింట్లో, అమ్మ వినకుండా చెప్పారు.

మా అమ్మ రోజంతా వీడియోలు చూస్తూ కూర్చునే మనిషి కాదు. పొద్దున ఐదింటికి లేస్తుంది. ఫోన్‌లో స్తోత్రాలు పెట్టి, పోపుల డబ్బా పక్కన నిలబెట్టి, పని మొదలుపెడుతుంది. స్తోత్రాలు అయ్యాక ఏదో ఒక ప్రవచనం. అది గంటన్నర ఉంటుంది. కాఫీ, టిఫిన్, నాన్నకి మందులు, కూర తరగడం అన్నీ ఆ గంటన్నరలోనే. నూనె చింది తెర మీద పడుతుందని ఫోన్‌ని గోడవైపు తిప్పి పెడుతుంది. అంటే ఆమె చూడదు. వింటుంది.

ఆ మధ్యాహ్నం ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా వాడకం తెరిచి చూశాను. ఏ యాప్ ఎంత వాడిందో అక్కడ వరసగా ఉంటుంది. 28 రోజుల ప్లాన్‌లో రోజుకి 1.5 చొప్పున వచ్చేది మొత్తం 42 జీబీ. అందులో 36 జీబీ ఒక్క వీడియో యాప్ లెక్కలోనే ఉంది. ప్రవచనం పెట్టి, దాని క్వాలిటీ ఎంతుందో నొక్కి చూశాను. 1080పీ. ఈ అంకె పెద్దదయ్యేకొద్దీ బొమ్మ స్పష్టంగా ఉంటుంది, డేటా కూడా ఎక్కువ పోతుంది. యాప్‌లో మొబైల్ నెట్ మీద ఎప్పుడూ ఎక్కువ క్వాలిటీ ఇవ్వమని పెట్టి ఉంది. దసరా సెలవులకి వచ్చిన మా మేనల్లుడు క్రికెట్ బాగా కనపడాలని అలా మార్చుకున్నాడు. ఎనిమిదో తరగతి పిల్లాడు, తిరిగి మార్చాలని వాడికి తోచలేదు. దసరా నుంచి సంక్రాంతి దాకా రోజూ పొద్దున, వంటింటి గోడకి ఎదురుగా, ఎవరూ చూడని బొమ్మ కోసం ఆ డేటా అంతా ఖర్చయింది. దానికి మాట పడింది మాత్రం అమ్మ.

అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదలలేదు. డేటా ఆదా చేయడం ఎలా అని ఎవరైనా చెప్పడం మొదలుపెడితే, అది ఎప్పుడూ వాడేవాళ్లకి చెప్పే బుద్ధిలాగే ఉంటుంది. తక్కువ చూడండి, అవసరం లేనప్పుడు ఆపండి, పొదుపు నేర్చుకోండి. నా గట్టి అభిప్రాయం వేరు. వీడియో నొక్కే ముందు దానికి ఎంత డేటా అవుతుందో చెప్పాల్సిన బాధ్యత ఆ యాప్‌ది. మొబైల్ నెట్ మీద ఉన్నప్పుడు తక్కువ క్వాలిటీతో మొదలుపెట్టి, కావాలన్నవాళ్లకి పెంచుకునే వీలు ఇవ్వాల్సింది కూడా ఆ యాపే. అది జరిగే దాకా, ఇంట్లో ఫోన్ సంగతి తెలిసినవాళ్లు తెలియనివాళ్ల ఫోన్లు సరిచేసి పెట్టాలి. తెలియనివాళ్లని తిట్టకూడదు.

బిస్కెట్ ప్యాకెట్ మీద బరువు వేయకుండా అమ్మితే తప్పు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం అదే చెబుతుంది. కూరగాయల బండి దగ్గర కాటా మనవైపు తిప్పి చూపించమని అడిగే అలవాటు మా అమ్మకి ఇప్పటికీ ఉంది. పెట్రోలు కొట్టించేటప్పుడు మీటరు సున్నా దగ్గర ఉందో లేదో నాన్న దిగి చూస్తారు. అంత జాగ్రత్తగా ఉండే ఇద్దరూ, రోజూ కొనుక్కుంటున్న ఒక సరుకు తూకం మాత్రం ఎప్పుడూ చూడలేదు. చూడటానికి అక్కడ కాటా లేదు. వీడియో కింద దాని నిడివి ఉంటుంది, ఎంతమంది చూశారో ఉంటుంది, ఎన్నాళ్ల క్రితం పెట్టారో ఉంటుంది. ఎన్ని ఎంబీలో ఉండదు.

ఇది చేయలేని పని కాదు. చేసి చూపించారు కూడా. 2016 సెప్టెంబర్‌లో యూట్యూబ్ గో అనే యాప్‌ని గూగుల్ ఢిల్లీలో ప్రకటించింది. మన దేశాన్ని దృష్టిలో పెట్టుకునే దాన్ని తయారుచేశారు. అందులో ఒక వీడియో నొక్కితే వెంటనే ఆడేది కాదు. ముందు చిన్న బొమ్మలతో ఆ వీడియోలో ఏముందో చూపించి, ఏ క్వాలిటీలో చూస్తారు, దానికి ఎన్ని ఎంబీలు అవుతాయి అని అడిగేది. మనం ఎంచుకున్నాకే మొదలయ్యేది. సరిగ్గా అదే నెల, 2016 సెప్టెంబర్ 5న, జియో మొదలైంది. అంతకుముందు 1 జీబీ 3జీ ప్యాక్‌కి 250 రూపాయల దాకా పెట్టి నెలంతా దాచుకుని వాడినవాళ్లం, కొన్ని నెలల పాటు ఉచితంగా వాడుకున్నాం. డేటా ఇక నీళ్లలాంటిదే అనుకున్నాం. తూకం చూపించే యాప్ పుట్టిన నెలలోనే తూకం అక్కర్లేదనే ధీమా కూడా పుట్టింది. 2022 ఆగస్టులో యూట్యూబ్ గోని మూసేశారు. మామూలు యాప్ తక్కువ నెట్‌లో కూడా బాగా పనిచేసేలా మెరుగుపరిచామన్నారు. మెరుగైన మాట నిజమే కావచ్చు. నొక్కకముందే ఎన్ని ఎంబీలో చెప్పే ఆ చిన్న తెర మాత్రం పోయింది. నాకు దాని మీద ఇప్పటికీ దిగులే.

తక్కువ క్వాలిటీతో మొదలుపెట్టాలనే మాటకి కూడా మన దగ్గర అనుభవం ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు అందరూ ఇళ్లలో కూర్చుని ఒకేసారి వీడియోలు చూడటంతో నెట్‌వర్క్‌ల మీద ఒత్తిడి పెరిగింది. అప్పుడు మన దేశంలో నడిచే పెద్ద వీడియో కంపెనీలన్నీ కలిసి, మొబైల్ నెట్ మీద 480పీకి మించి ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాయి. ఏప్రిల్ 14 దాకా అని ప్రకటించాయి. ఆ రోజుల్లో ఫోన్‌లో సినిమాలు చూసినవాళ్లు గుర్తు తెచ్చుకోండి. బొమ్మ సరిగ్గా లేదని ఎవరైనా చూడటం మానేశారా? మా ఇంట్లో ఎవరూ తేడా కూడా పట్టుకోలేదు. నెట్‌వర్క్ బరువెక్కినప్పుడు 480పీ చాలు అనుకోగలిగినవాళ్లు, మనిషి జేబు ఖాళీ అవుతున్నప్పుడు కూడా అలా అనుకోవచ్చు.

అసలు లోపల ఏం జరుగుతుందో కాస్త చెప్పాలి. ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

మనం చూసే వీడియో ఒకే ముక్కగా రాదు. కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనీ 144, 240, 360, 480, 720, 1080 అని రకరకాల సైజుల్లో సర్వర్‌లో ఉంచుతారు. క్వాలిటీ ఆటోలో ఉంటే, మన నెట్ ఎంత వేగంగా ఉందో చూసి తర్వాతి ముక్క ఏ సైజుది తెచ్చుకోవాలో ఫోన్ ఎప్పటికప్పుడు నిర్ణయించుకుంటుంది. సిగ్నల్ తగ్గితే బొమ్మ మసకబారడం, పెరిగితే మళ్లీ తేరుకోవడం అందుకే. ఇందులో మెలిక ఎక్కడుందంటే, ఆ నిర్ణయానికి ప్రధానంగా చూసేది వేగం. మీ దగ్గర ఇంకా ఎన్ని ఎంబీలు మిగిలాయో దానికి తెలియదు. ఊళ్లోకి మంచి టవర్ వస్తే సంతోషిస్తాం. దాంతోపాటే మన 1.5 జీబీ ముందుకంటే తొందరగా కరిగిపోవడం మొదలవుతుంది. టవర్ వచ్చాక డేటా ఎందుకు చాలడం లేదని మా వీధిలో చాలామంది అడిగారు. సమాధానం ఇదే.

ఎంత కరుగుతుందో ఉజ్జాయింపుగా చెబుతాను. 144పీలో గంట వీడియోకి 100 ఎంబీ లోపే అవుతుంది. 360పీకి 300 దగ్గర. 480పీకి 500 దగ్గర. 720పీకి వచ్చేసరికి 1 జీబీ దాటొచ్చు, 1080పీ అయితే 2 జీబీ కూడా దాటొచ్చు. వీడియోని బట్టి ఇది బాగా మారుతుంది. ఎందుకంటే కుదించేటప్పుడు, ఒక బొమ్మకీ దాని తర్వాతి బొమ్మకీ మధ్య మారినదాన్నే ఎక్కువగా పంపుతారు. పీట మీద కూర్చుని ప్రవచనం చెప్పే మనిషి వెనక తెర కదలదు, ఆయన చెయ్యీ నోరూ మాత్రమే కదులుతాయి. అందుకని తక్కువలో సరిపోతుంది. క్రికెట్‌లో కెమెరా బంతి వెంట పరిగెడుతుంది, వెనక వేలమంది జనం కదులుతుంటారు. వాన, నది, మంట, డ్యాన్సు, ఇవన్నీ ఖరీదైన బొమ్మలు. అమ్మ ప్రవచనం 1080పీలో కూడా క్రికెట్ కంటే బాగా తక్కువతో సరిపెట్టుకుంది కాబట్టి తొమ్మిది దాకా వచ్చింది. అదే క్రికెట్ అయితే ఏడు కాకముందే అయిపోయేది.

నెట్‌ఫ్లిక్స్ ఈ లెక్క తనే చెబుతుంది. మొబైల్ డేటా సెట్టింగ్‌లో సేవ్ డేటా అని పెట్టుకుంటే 1 జీబీకి సుమారు 6 గంటలు చూడొచ్చట. ఆటోమేటిక్ అయితే సుమారు 4 గంటలు. మ్యాగ్జిమమ్ పెడితే 20 నిమిషాలకే 1 జీబీ అయిపోవచ్చు. ఒకే రెండు గంటల సినిమా, ఒక సెట్టింగ్‌లో 330 ఎంబీ, ఇంకో సెట్టింగ్‌లో 6 జీబీ. మధ్యలో తేడా ఒక చుక్క పక్కకి జరగడమే. ఈ వివరం సెట్టింగ్స్‌లో, సహాయం పేజీలో ఉంది. అది వెతుక్కుని చదివే మనుషులకి ఎలాగూ ఇబ్బంది లేదు. అమ్మలాంటివాళ్లు అక్కడిదాకా వెళ్లరు.

రోజువారీ డేటా అయిపోయాక నెట్ పూర్తిగా ఆగదు, చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఇది వింటే ఏదో కాస్త నడుస్తుందిలే అనిపిస్తుంది. ఆ 64 అనేది బిట్ల లెక్క. మనం ఫైలు సైజు చెప్పుకునే బైట్లలోకి మారిస్తే సెకనుకి 8 కేబీ. 480పీలో ఒక్క నిమిషం వీడియో 8 ఎంబీ ఉంటుందనుకుంటే, అది రావడానికి 1000 సెకన్లు, అంటే దాదాపు 17 నిమిషాలు పడుతుంది. వీడియో కాల్ సంగతి చెప్పక్కర్లేదు. డేటా సగం అయిందని, 90 శాతం అయిందని ఫోన్‌కి ఎస్ఎంఎస్‌లు వస్తూనే ఉన్నాయి. అమ్మ ఫోన్‌లో అవన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కటీ తెరవలేదు. అన్నీ ఇంగ్లీషులోనే. ఏ లోన్ మెసేజో అనుకుందట.

ఇంత చౌకగా దొరికే డేటాకి ఇంత లెక్క దేనికి అని నన్ను ఆఫీసులో ఒకరు అడిగారు. ఆ మనిషి ఇంట్లో వైఫై ఉంది, ఆఫీసులో వైఫై ఉంది, ఫోన్‌లో 5జీ ఉంది. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు సుమారు 10 నుంచి 25 శాతం దాకా పెంచినప్పుడు, జియో, ఎయిర్‌టెల్ అన్‌లిమిటెడ్ 5జీని రోజుకి 2 జీబీ, ఆపైన ఉన్న ప్లాన్లకే పరిమితం చేశాయి. అంటే కాస్త ఎక్కువ కట్టగలిగి, 5జీ ఫోన్ కొనగలిగి, 5జీ అందే చోట ఉన్నవాళ్లు లెక్క మర్చిపోవచ్చు. మిగతావాళ్లకి లెక్క ఉంది. రోజుకి 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ 299 రూపాయలు అనుకోండి. ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయించాలి. 3,887 రూపాయలు. ఇంట్లో మూడు ఫోన్లుంటే 11,661. మా ఊళ్లో పత్తి తీతకీ మిరప కోతకీ వెళ్లే ఇళ్లలో కూడా మూడు ఫోన్లుంటాయి. వాళ్లకి డేటా చౌక అని చెప్పడానికి నాకు నోరు రాదు.

ఇంకో మాట కూడా విన్నాను. డబ్బు కట్టాం, వాడుకుంటాం, మిగిలినా రాత్రి పన్నెండుకి పోయేదే కదా అని. ఈ మాటలో న్యాయం ఉంది, నేను ఒప్పుకుంటాను. రోజువారీ ప్లాన్లలో మిగిలింది మర్నాటికి రాదు. కాబట్టి మిగిల్చి దాచుకోవడం నా ఉద్దేశం కాదు. పడుకునే ముందు 700 ఎంబీ మిగిలి ఉంటే హాయిగా మంచి క్వాలిటీలో ఒక పాట చూడండి. నేను చెప్పేది వేళ గురించి. సాయంత్రం ఏడింటికి మనవరాలు వీడియో కాల్ చేసే వేళకి డేటా ఉండాలి. అర్ధరాత్రి నాన్నకి ఒంట్లో బాగోకపోతే రిపోర్టు ఫోటో తీసి డాక్టరుకి పంపడానికి ఉండాలి. పొద్దున గోడకి చూపించిన బొమ్మ ఆ వేళని తినేసింది. నా బాధ అది.

అన్నిటికీ 144పీ పెట్టేయమని కూడా నేను చెప్పను. మా పిన్ని కొడుకు గ్రూప్స్‌కి చదువుతూ అమీర్‌పేట హాస్టల్లో ఉంటాడు. నా మాట విని వాడు అంతా తగ్గించేసుకున్నాడు. లెక్కల క్లాసులో బోర్డు మీద 3 ఏదో 8 ఏదో తెలియక ఒక సాయంత్రమంతా తప్పుడు లెక్క చేశాడు. అది నేను ముందే చెప్పాల్సింది. బోర్డు మీద రాసేవి, మ్యాపులు, స్క్రీన్ మీద చిన్న అక్షరాలతో చూపించే పాఠాలు, కుట్టుపనిలాంటివి, వీటికి 720పీ కావాలి. మనుషులు మాట్లాడేవి, వార్తలు, సీరియళ్లు, సినిమాలు ఆరంగుళాల తెర మీద 480పీలో బాగానే ఉంటాయి. ఇంట్లో ఒక పరీక్ష చేశాను. ఒకే ప్రవచనం రెండు ఫోన్లలో, ఒకదాంట్లో 480, ఇంకోదాంట్లో 1080 పెట్టి అమ్మకి చూపించాను. "రెండిట్లోనూ ఆయన మొహం అదేగా" అంది. నాన్న మాత్రం క్రికెట్‌లో స్కోరు అంకెలు 480లో కాస్త అలుక్కుపోయాయని పట్టుకున్నారు. ఇద్దరి మాటా నిజమే. ఏది చూస్తున్నాం, ఎందుకు చూస్తున్నాం అన్నదాన్ని బట్టే ఎంత కావాలో తేలుతుంది. ఇక వినడానికే అయితే 144 కూడా ఎక్కువే. మాట ఒక్కటే వచ్చే ఆడియో గంటకి 30 నుంచి 60 ఎంబీలో అయిపోతుంది. యూట్యూబ్‌లో తెర ఆపి మాట మాత్రం వినాలంటే డబ్బు కట్టాలి. బొమ్మ వద్దు అని చెప్పుకోవడానికి రుసుము పెట్టడం నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది. వద్దన్నది ఇవ్వకుండా ఉంటే వాళ్ల సర్వర్ మీదా భారం తగ్గుతుంది కదా.

పిన్ని కొడుకు దగ్గర నేను నేర్చుకున్నది కూడా ఒకటి ఉంది. వాడు ఒక పాఠాన్ని మూడుసార్లు చూస్తాడు. నెట్ మీద మూడుసార్లు చూస్తే మూడుసార్లూ చాలావరకు మళ్లీ మొదటి నుంచి డేటా పోతుంది. అందుకని రాత్రి పదకొండు తర్వాత హాస్టల్ వైఫై ఖాళీగా ఉన్నప్పుడు మర్నాటి పాఠాలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటాడు. అది వినగానే అమ్మ స్తోత్రాలు గుర్తొచ్చాయి. అరగంట స్తోత్రాల వీడియో, రోజూ అదే, ఏడాదికి 365 సార్లు నెట్ మీద నుంచే. ఒక్కసారి ఫోన్‌లో దింపుకుంటే సరిపోయే పని. పదిహేనేళ్ల కిందట ఊరి సెంటర్లో మొబైల్ షాపుకి వెళ్లి మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకుని వచ్చేవాళ్లం. ఒకసారి ఎక్కించుకుంటే ఏడాదంతా వినేవాళ్లం. అది తెలివైన పద్ధతి. నెట్ ధారాళమయ్యాక దాన్ని వదిలేశాం.

చదువు దగ్గర ఇంకో సంగతి. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ ఛానళ్లలో వేశారు. టీవీలో వచ్చేదానికి ఎంతమంది చూసినా ఎవరి డేటా పోదు. ఆ రోజుల్లో ఆన్‌లైన్ క్లాసు మధ్యలో డేటా అయిపోయి ఏడ్చిన పిల్లల్ని చూశాను కాబట్టి, టీవీ పాఠాన్ని పాత పద్ధతి అని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇంట్లో టీవీ ఉండి, అదే కార్యక్రమం టీవీలో వస్తుంటే, ఫోన్‌లో చూడటం డేటాకీ కళ్లకీ కూడా నష్టమే.

చిన్న వీడియోల గురించి తక్కువే చెబుతాను. వేలు పైకి జరిపితే వెంటనే తర్వాతిది ఆడాలి కాబట్టి, రాబోయే వీడియోల్ని యాప్ ముందే తెచ్చి పెట్టుకుంటుంది. మీరు ఒక సెకను చూసి తోసేసినదానికి కూడా డేటా అయినట్టే. పది నిమిషాలు రీల్స్ చూశానంతే అన్నప్పుడు, చూసినవాటి కంటే తోసేసినవే ఎక్కువ ఉంటాయి. వాట్సాప్‌లో కుటుంబం గ్రూపుల్లో వచ్చే శుభోదయం వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ అయ్యేలా ఉంటే అదింకో ఖర్చు. అమ్మ ఫోన్‌లో అలాంటివి ఐదు గ్రూపులున్నాయి.

నేను ఆ రోజు చేసిన పనులు ఇవి. యూట్యూబ్ వాడేవాళ్లకి, సెట్టింగ్స్‌లో వీడియో క్వాలిటీ దగ్గరికి వెళ్తే మొబైల్ నెట్‌వర్క్‌కి ఒకటి, వైఫైకి ఒకటి వేర్వేరుగా ఉంటాయి. మొబైల్ నెట్‌వర్క్ దగ్గర డేటా సేవర్ పెట్టాలి. అప్పుడు ఇక ప్రతి వీడియోకీ మార్చక్కర్లేదు. ఏదైనా ఒక వీడియో బాగా కనపడాలంటే, దాని మీదే గేర్ గుర్తు నొక్కి అప్పటికి పెంచుకోవచ్చు. వీడియోల లిస్టు కిందకి జరుపుతున్నప్పుడు వాటంతటవే ఆడకుండా, వైఫైలోనే ఆడేలా పెట్టొచ్చు. ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లే ఆపాలి. ఇది ముఖ్యం. ప్రవచనం అయిపోయాక అమ్మ పెరట్లో ఉంటే, వంటింట్లో ఆ ఫోన్ ఇంకో గంట ఇంకేదో ఆడుకుంటూ ఉండేది. వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటా అనే చోట, మొబైల్ డేటాలో ఉన్నప్పుడు ఫోటోలు తప్ప ఏవీ వాటంతటవి దిగకుండా పెట్టాను. స్తోత్రాలు డౌన్‌లోడ్ చేశాను. ప్రవచనానికి 144 ఎలా పెట్టుకోవాలో అమ్మకి నాలుగుసార్లు చూపించాను. ఐదోసారి ఆమే చేసింది. ఫోన్ భాష తెలుగుకి మార్చాను. ఇంగ్లీషు రాదని ఆమె ఎప్పుడూ అనలేదు, ఆ మెనూల్లోకి వెళ్లకుండా ఊరుకుందంతే. మేమూ అడగలేదు.

మొత్తం ఇరవై నిమిషాల పని. ఈ ఇరవై నిమిషాలు మా అన్నయ్యా నేనూ మూడు నెలల ముందు పెట్టి ఉంటే, ఆమె ఆ మాట పడేది కాదు.

ఇంట్లోనే ఉండే పెద్దవాళ్లకి అసలు రోజుకి 1.5 జీబీ ప్లాన్ కావాలా అన్న ప్రశ్న కూడా ఉంది. 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కాల్స్‌కీ ఎస్ఎంఎస్‌లకీ మాత్రమే వేరే రీఛార్జ్ వోచర్లు ఇవ్వాలని కంపెనీలకి నిబంధన పెట్టింది, ఇప్పుడు అలాంటివి దొరుకుతున్నాయి. ఊరికి ఫైబర్ వచ్చి, ఇంట్లో మూడు నాలుగు ఫోన్లు ఉంటే, ఒక వైఫై కనెక్షనూ పెద్దవాళ్లకి కాల్స్ ప్లానూ కలిపి లెక్క వేసి చూడండి. కొన్ని ఇళ్లలో అది లాభం. మా వీధికి ఇంకా ఫైబర్ రాలేదు కాబట్టి ఆ లెక్క మేం వేయలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నరకి అమ్మ డేటా ఎంతుందో చూశాను. 900 ఎంబీ మిగిలింది. అన్నయ్యకి వీడియో కాల్ చేసి ఫోన్ అమ్మకిచ్చాను. సెట్టింగ్ ఏమైందో, ఎవరు మార్చారో నేను ముందే చెప్పి ఉంచాను. "అమ్మా, ఆ రోజు ఊరికే నోరు జారాను" అన్నాడు. అమ్మ అదేం పట్టించుకోకుండా, "నువ్వు చిక్కిపోయావురా, ఇప్పుడు బాగా కనపడుతున్నావు" అంది. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఒక్కసారి కూడా బొమ్మ ఆగలేదు.

మర్నాడు పొద్దున నేను బ్యాగు సర్దుకుంటుంటే అరుగు మీద మాటలు వినపడ్డాయి. పక్కింటి పిన్ని, ఎదురింటి పెద్దమ్మ, ఇంకో ఇద్దరు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. "మా అమ్మాయి బస్సు పదకొండింటికి. ఈలోపు అందరివీ చూస్తుంది" అని అమ్మ చెబుతోంది. నాలుగు ఫోన్లలో మూడింటిలో ఆటోప్లే నడుస్తోంది. ఒకదాంట్లో క్వాలిటీ 1080లో ఉంది, సెలవులకి మనవడు వచ్చి వెళ్లాడట.